ఎడారికి గొడుగుతో

ప్రయాణానికి ముందురోజు మా ఆయన తన ఖాకీ భుజం సంచిలో నల్ల గొడుగు పెడుతుంటే, "వానే పడని చోటికి గొడుగెందుకండీ?" అన్నాను. "ముప్పై నాలుగేళ్ళు ఇరిగేషన్‌లో చేశాను. వాన పడదని ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు" అన్నారు. ఇంక నేనేం మాట్లాడలేదు.

మాది అనంతపురం. ఆయన తుంగభద్ర ఎగువ కాలువ మీదా, తర్వాత చెరువుల మరమ్మతుల్లోనూ పనిచేసి రిటైరయ్యారు. నేను బ్యాంకులో క్యాష్ కౌంటర్లో చేరి మేనేజరుగా బయటపడ్డాను. అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. ఏటా వెళ్ళి మూడు నెలలు దాని సోఫాలో కూర్చుని రావడం విసుగెత్తింది. కిందటేడు, "ఈసారి మీ ఇంటి నుంచి ఇంకా కిందికి పోతామే" అన్నాం. వారం పది రోజులనుకుంది కాబోలు, సరేనంది. ఆగస్టు మధ్యలో బయల్దేరి అక్టోబరు ఆఖరుకు తేలాం. 74 రోజులు. పెరూ, చిలీ, బొలీవియా, అర్జెంటీనా.

కాగితాల గోల ఎక్కువ రాయను. పెరూ వాళ్ళు మా అమెరికా వీసా చూసి రానిచ్చారు. మిగతా మూడింటి కోసం ఎన్ని ఫొటోలు దిగామో, ఎన్ని బ్యాంకు స్టేట్‌మెంట్లు తీశామో! అరవై దాటిన వాళ్ళు ఎడారులు చూడ్డానికి వస్తున్నామంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు.

మొదట పెరూ రాజధాని లీమా. కోటి మంది ఉండే ఊరు, పక్కనే సముద్రం, అయినా వాన లేదు. ఏడాది మొత్తం కలిపినా రెండు సెంటీమీటర్లు పడదు. పోనీ ఎండ కాస్తుందా అంటే అదీ లేదు. మేం ఉన్న ఆరు రోజులూ ఆకాశం ఉతకని దుప్పటిలా వేలాడుతూనే ఉంది. అక్కడివాళ్ళు దాన్ని 'గాడిద పొట్ట' అంటారు. ఇదేం విడ్డూరమని నేనంటే, మా ఆయన హోటల్లో చేతులు తుడుచుకునే కాగితం మీద బొమ్మ గీశారు. దక్షిణం నుంచి హంబోల్ట్ అనే సముద్ర ప్రవాహం చల్లటి నీళ్ళు మోసుకొస్తుంది. దాని మీది గాలి చల్లగా, బరువుగా ఉండి పైకి లేవదు. లేవకపోతే మేఘం ముదరదు, వాన కురవదు, మంచు మాత్రం కమ్ముతుంది. "మనకు మబ్బొచ్చి మోసం చేస్తుంది. వీళ్ళకు మబ్బు కదలనూ కదలదు, కురవనూ కురవదు" అన్నారు. ఆ కాగితాన్ని మడిచి నోట్‌బుక్కులో పెట్టుకున్నారు. ఆ నోట్‌బుక్కు సంగతి చివర్లో చెప్తాను.

మేం చూసిన మిద్దెలకు తూములే లేవు. కొండల మీదికి ఎగబాకిన పేటలకు నీళ్ళు ట్యాంకర్లలోనే వస్తాయి. కుళాయి ఉన్నవాళ్ళు కట్టేదానికంటే, ట్యాంకరు మీద బతికే పేదవాళ్ళే లీటరుకు ఎక్కువ కడతారట. ఈ లెక్క మాకు కొత్తేం కాదు. కొత్తగా అనిపించింది మంచువలలు. విల్యా మరియా దెల్ త్రియున్‌ఫో అనే పేట పైకి ఒకామె మమ్మల్ని తీసుకెళ్ళింది. రెండు గుంజలు, వాటి మధ్య మన నర్సరీల్లో కట్టే షేడ్ నెట్ లాంటి వల, కింద సగానికి కోసిన ప్లాస్టిక్ గొట్టం, దాని చివర డ్రమ్ము. అంతే. మంచు వల మీదుగా పోతూ బొట్లుగా కూడి గొట్టంలోకి జారుతుంది. మా ఆయన గొట్టం చివర అరచేయి పట్టి, వాచీ చూస్తూ బొట్లు లెక్కబెట్టారు. ఆమెకు నవ్వొచ్చింది. ఆ నీళ్ళు తాగరు. కూరగాయలకు, మొక్కలకు వాడతారు. నా చేతిలో ఉల్లికాడలు పెట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఆ దేశాల్లో బస్సులే రాజులు. రెండంతస్తులవి. సీటును మంచంలా వాల్చేస్తే 'కామా', సగం వాలితే 'సెమీ కామా'. తిండి దగ్గర నాకొక పాఠం వచ్చింది. నేను శాకాహారిని. 'సిన్ కార్నే', అంటే మాంసం లేకుండా, అని బట్టీ పట్టి చెప్పాను. పళ్ళెంలో కోడి వచ్చింది. ఇదేమిటంటే, "ఇది కార్నే కాదు కదమ్మా, కోడి కదా!" అన్నట్టు మొహం పెట్టాడు. కార్నే అంటే వాళ్ళ లెక్కలో ఎద్దుమాంసమే. ఆ రోజు నుంచి కోడి వద్దు, చేప వద్దు, హ్యామ్ వద్దు, ఎముకల రసం వద్దు అని అష్టోత్తరంలా చదివేదాన్ని.

నాస్కాలో ఎడారి నేల మీద పూర్వమెప్పుడో గీసిన పెద్ద పెద్ద బొమ్మలున్నాయి. అందరూ విమానం ఎక్కి ఆ గీతలు చూస్తారు. చిన్న విమానమంటే నాకు భయం. హైవే పక్కనున్న ఇనుప మంచె ఎక్కి, కనిపించిన చెట్టు బొమ్మనూ చేతుల బొమ్మనూ చూసి దిగాం. అక్కడ మొదట మంచె కట్టించింది మరియా రైషే అనే జర్మన్ గణితవేత్త. దశాబ్దాల పాటు ఈ గీతల్ని చీపురుతో ఊడ్చి, కొలిచి, కాపాడిందావిడ. ఆవిడ పట్టించుకోకముందే పాన్ అమెరికన్ హైవేను బల్లి బొమ్మ మీదుగా వేసేశారు. రోడ్డేసిన ఇంజినీర్లను మా ఆయన అక్కడే నిలబడి తిట్టారు. మా ఊరి చెరువు కట్ట మీద రోడ్డేసినప్పుడూ ఇలాగే తిట్టారు లెండి.

ఆయనకు నాస్కా అంటే గీతలు కావు, కాంటయోక్. ఊరికి దగ్గర్లోనే నేలలో నత్తగుల్లలా చుట్టుకుంటూ దిగే రాతి గుంటలు వరసగా ఉన్నాయి. చుట్టూ తిరిగి అడుక్కు దిగితే, కాళ్ళ దగ్గర చల్లగా, తేటగా నీళ్ళు పారుతున్నాయి. పైన గులకరాళ్ళు కాలిపోతున్నాయి. కొండ వాలులో ఇంకిన నీటిని భూమి లోపలి సొరంగాల్లోంచి పొలాలకు నడిపే ఏర్పాటది. 'పూకియో' అంటారు. సొరంగాన్ని శుభ్రం చేయడానికి దిగే దారులే ఈ గుంటలు. నాస్కా ప్రజలు తవ్విన ఆ కాలువల నుంచి ఇప్పటికీ పైర్లకు నీళ్ళు కడుతున్నారు. ఆయన చెప్పులు విడిచి ఆ నీళ్ళలో నిలబడిపోయారు. "ఇది ఊటకాలువే" అన్నారు. పెన్న ఇసుకలోంచీ చిత్రావతి ఇసుకలోంచీ మన తాతలు తవ్విన ఊటకాలువల్లో చాలావాటిని ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనే సర్వే చేశారు. తర్వాత బోర్లొచ్చాయి, ఊటలు ఎండిపోయాయి. ఎండిపోయినట్టు ఫైల్లో రాసిందీ ఆయనే. నేను పైనే కూర్చున్నాను. అరగంటయినా పైకి రాలేదు.

అరెకీపాలో వారం ఆగాం. తెల్లటి అగ్నిపర్వతపు రాయితో కట్టిన ఊరు, వీధి చివర 5,822 మీటర్ల మిస్తి కొండ. సాంతా కటలీనా మఠం 1579 నాటిది. లోపల సన్యాసినుల వీధులు, వంటిళ్ళు, బట్టలుతికే తొట్లతో చిన్న ఊరే ఉంది. నాకు బాగా నచ్చింది మాత్రం సాన్ కమీలో మార్కెట్. అక్కడ టమోటా అనుకుని మా ఆయన ఒకదాన్ని కొరికారు. అది రొకోతో, మిరపకాయ. లోపల గింజలు నల్లగా ఉంటాయి. "మిరపకాయకు పుట్టిల్లు ఈ ఖండమేనండీ, అల్లుడికి మర్యాద చేస్తున్నారు" అన్నాను. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ తలూపారు. అమ్మే ఆమె పాల డబ్బా అందించింది.

తక్నా నుంచి షేర్ టాక్సీలో చిలీ సరిహద్దు దాటాం. అక్కడ తిండి సామాను దాచిపెడితే జరిమానా. నేను బ్యాంకు మనిషిని, ఫారంలో ఉన్నదున్నట్టు రాశాను: శెనక్కాయల పొడి, ఆవకాయ, ఆవాలు, మెంతులు. తనిఖీ అమ్మాయి గ్లౌజులు తొడుక్కుని పొడి సీసా మూత తీసి వాసన చూసింది. వరసగా నాలుగు తుమ్ములు. సీసా మూసి మర్యాదగా వెనక్కిచ్చింది. ఆవకాయ మీద ఇంకో ఆఫీసరుతో సంప్రదింపులు జరిగాయి, అదీ బతికింది. ఆవాలు, మెంతులు మాత్రం విత్తనాలు కదా, చెత్తబుట్టలో పోసింది. మిగతా యాభై రోజులూ పోపు లేని వంటే.

అరీకా గురించి ఒక లెక్క చెప్పాలి. మా జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్లు. దాన్నే మనం కరువంటాం. అరీకాలో ఒక మిల్లీమీటరు కూడా లేదు. 1903 అక్టోబరు నుంచి 1918 జనవరి దాకా, పద్నాలుగేళ్ళ పైన, అక్కడ చినుకు పడలేదని ప్రపంచ వాతావరణ సంస్థ రికార్డుల్లో ఉంది. "పద్నాలుగేళ్ళు! రాముడు అరణ్యవాసం చేసి వచ్చేయొచ్చు" అన్నారు మా ఆయన.

అక్కడి మ్యూజియంలో చిన్‌చోర్రో మమ్మీలున్నాయి. ఏడు వేల ఏళ్ళ నాటివి. మనుషులు చేతులారా చేసిన మమ్మీల్లో ప్రపంచంలో ఇవే పాతవి, ఈజిప్టువాటికంటే రెండు వేల ఏళ్ళు ముందువి. రాజులవి కావు, బెస్తవాళ్ళవి. పసిపిల్లలవి కూడా ఉన్నాయి. గుప్పెడంత మొహానికి మట్టి మాస్కు, దానికి నోరు, కళ్ళు. చూడలేక బయటికొచ్చేశాను. దగ్గర్లోని కమరోనెస్ లోయ నీళ్ళలో ఆర్సెనిక్ ఎక్కువ, అందుకే పిల్లలు పుట్టగానే పోయేవారేమో, ఆ దుఃఖంలోంచే ఈ అలవాటు పుట్టి ఉండొచ్చని ఒక వాదన ఉందట. నల్గొండ ఫ్లోరైడ్ పిల్లల్ని చూసిన మాకు అది ఊహించడం కష్టం కాలేదు. నీళ్ళు లేకపోవడం ఒక కష్టం. ఉన్న నీళ్ళే విషమైతే ఇంక తల్లి ఏం చేస్తుంది?

ఇకీకే దగ్గర హంబర్‌స్టోన్ చూశాం. సూరేకారం తీసిన ఊరది. ఐరోపా పొలాలకు ఇక్కడి నుంచే ఎరువు పోయేది. కూలీలకు డబ్బు బదులు కంపెనీ బిళ్ళలు ఇచ్చేవారు, అవి కంపెనీ కొట్లోనే చెల్లేవి. గాజుపెట్టెలో ఆ బిళ్ళలను చూసి నాకు కడుపు మండింది. బ్యాంకు ఉద్యోగం చేసినవాళ్ళకు ఇంతకంటే దొంగ నాణెం ఉండదు. జర్మనీలో కృత్రిమంగా నైట్రేటు చేయడం మొదలయ్యాక ఈ ఊళ్ళకు నూకలు చెల్లాయి. 1960లో ఖాళీ అయిపోయింది. నాటకాల హాలు, బడి బెంచీలు అలాగే ఉన్నాయి. ఇనుప రేకులతో చేసిన ఈతకొలను కూడా ఉంది, అంత ఎడారిలో! వాన లేదు కాబట్టి ఏదీ కుళ్ళదు.

సాన్ పెద్రో దె అటకామాలో పన్నెండు రోజులున్నాం. టూరిస్టుల ఊరే. కాఫీ ధర చెప్తే మా అమ్మాయి కూడా నమ్మలేదు. చంద్రలోయ అనే చోటుకు సాయంత్రం పోతే, చల్లబడే ఉప్పురాళ్ళు చిటపటమంటాయి. 66 యాంటెన్నాలతో ఆకాశంలోంచి వచ్చే రేడియో తరంగాలు పట్టే ఆల్మా అబ్జర్వేటరీకి ఈ పొడిగాలే పెట్టుబడి. గాలిలో తేమ ఉంటే ఆ తరంగాలు కిందికి చేరవు.

మేం దిగిన మట్టి ఇంటామెకు డెబ్బై ఏళ్ళుంటాయి. వెనక అరెకరం మొక్కజొన్న. ఒక రాత్రి రెండింటికి పార భుజానేసుకుని బయల్దేరుతుంటే మా ఆయనకు మెలకువ వచ్చింది. ఎక్కడికని సైగ చేస్తే, ఆమె 'తూర్నో' అంది. నీళ్ళ వంతు. నాకు అనువాదం అక్కర్లేకపోయింది. మా అత్తగారింట్లోనూ నీరుగంటి వచ్చి తలుపు తడితే, అర్ధరాత్రయినా పార తీసుకుని పోవాల్సిందే. ఇద్దరమూ స్వెట్టర్ల మీద స్వెట్టర్లు తొడుక్కుని ఆమె వెంట నడిచాం. కాలువ మన పిల్లకాలువంతే ఉంది. ఆమె రేకు తలుపు ఎత్తింది. నీళ్ళు చెత్తను నెట్టుకుంటూ, నురగతో, చీకట్లో చప్పుడు చేస్తూ వచ్చాయి. మొదటి మడిలోకి ఆమె మడవ తిప్పింది. రెండోదానికి మా ఆయన పార అడిగి తీసుకుని మట్టి తీసి, ఇటు తెంచి, అటు కట్టారు. ఆమె టార్చి వేసి చూసింది. పక్కకు ఒలకలేదు. "బ్యేన్" అంది. బాగుందని. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఏ చీఫ్ ఇంజినీరు మెచ్చుకున్నా ఆయన మొహం అలా వెలగలేదు. తలెత్తితే పాలపుంత ఇంటిమీద వాలినట్టుంది. కానీ మేమిద్దరం నీళ్ళనే చూస్తున్నాం.

ఇప్పుడు అక్కడి పేచీ లిథియంతో. పక్కనున్న ఉప్పు మైదానంలో భూమి కింది ఉప్పునీటిని తోడి, మళ్ళల్లో ఎండబెట్టి లిథియం తీస్తారు. మన ఫోన్లకు, స్కూటర్లకు ఆ సరుకే. ఏడాదికొకసారి ఊళ్ళ జనం అంతా కలిసి కాలువలు పూడిక తీసుకునే పండగ గురించి చెప్తూ, "నీళ్ళు పోయాక ఏం పూడిక తీస్తారు?" అందామె. దానికి మా దగ్గర జవాబు లేదు.

అక్కణ్ణుంచి జీపులో మూడు రోజులు బొలీవియా ఎత్తుల మీదుగా ఉయుని. ఇక్కడ మేం ఒక తప్పు చేశాం. పోయేవాళ్ళెవరైనా ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. 2,400 మీటర్ల నుంచి ఒకే రోజులో 4,300 పైకి ఎక్కేశాం, ఆ ఎత్తులోనే రాత్రి పడుకున్నాం. లగూనా కొలరాదా, ఎర్రటి నీళ్ళు, ఫ్లెమింగోలు, అన్నీ చూశాను కానీ, చూసినట్టు గుర్తులేదు. రాత్రి తల పగిలిపోతోంది. రెండు వాంతులు. పడుకుంటే ఊపిరి ఆడదు, కూర్చుంటే గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. టూర్ వాళ్ళు ఆక్సిజన్ ఉందని బయల్దేరేముందు సిలిండరు చూపించారు. డ్రైవరు దాన్ని తెచ్చాడు. మా ఆయన టార్చి వేసి మీటరు చూస్తే ముల్లు సున్నా మీద ఉంది. ఆయనకు కోపమొస్తే అరవరు, మాట తగ్గిపోతుంది. ఆ ముల్లును వేలితో రెండుసార్లు తట్టి, డ్రైవరు వంక చూశారు. పాపం ఆ అబ్బాయి పరిగెత్తుకుపోయి ఇంకో జీపువాళ్ళ సిలిండరు తెచ్చాడు. పది నిమిషాలకు గదిలో మనుషుల మొహాలు కనబడ్డాయి నాకు. సిలిండరు చూపిస్తే చాలదు, మీటరు చూడండి.

పొద్దున డ్రైవరు నాకు కోకా ఆకు ఇచ్చాడు. బుగ్గన పెట్టుకుని, బూడిదతో చేసిన చిన్న ముద్ద తగిలించి నములుతారు. మన తమలపాకూ సున్నమూ లాగే. మా అవ్వ చూస్తే ముచ్చటపడేది.

ఉయుని ఉప్పు మైదానం పదివేల చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది. మా పాత ఉమ్మడి జిల్లాలో సగం మొత్తం ఉప్పయిపోయినట్టు. వానాకాలంలో అద్దంలా ఉంటుందంటారు. మేం పోయింది ఎండాకాలం. నేలంతా ఆరుమూలల పలకలు. చేత్తో తడిమితే గరుకు, నాలిక్కి తగిలిస్తే నిజంగా ఉప్పే. 74 రోజుల్లో ఆ గొడుగు విప్పింది ఇక్కడొక్కచోటే, అదీ ఎండకు. డ్రైవరు నేల మీద పడుకుని ఫొటో తీశాడు. అందులో నేను గొడుగు కొన మీద నిలబడినట్టుంటాను.

లా పాస్‌లో రెండు వారాలు. ఊరంతా ఒక బోగిణి, మనుషులు దాని అంచుల మీద. సిటీ బస్సులా తిరిగే కేబుల్ కారు ఉంది. 2014లో మొదలైంది, రంగుకో లైను. పైనున్న ఎల్ ఆల్తో నుంచి దిగుతుంటే, జనం మిద్దెల మీద ఆరేసిన బట్టలు, పడుకున్న కుక్కలు, అన్నీ కాళ్ళ కిందే. పక్క సీట్లో బౌలర్ టోపీ, కుచ్చిళ్ళ పావడాలతో ఆయమారా తెగ అవ్వ, ఒళ్ళో కోడి. ఊరికి పైనున్న చకల్తాయా హిమానీనదం 2009 నాటికే కరిగి మాయమైపోయింది. 2016లో నగరంలో చాలా పేటల్లో వారాల తరబడి కుళాయిలు రాలేదు. "మంచు వీళ్ళ చెరువు. కట్ట తెగింది" అని నోట్‌బుక్కులో రాసుకున్నారు మా ఆయన.

మార్కెట్లో రెండింటి దగ్గర నేను ఆగిపోయాను. ఒకటి చూన్యో. చిన్న బంగాళాదుంపల్ని గడ్డకట్టే రాత్రుల్లో ఆరుబయట పరిచి, పగలు కాళ్ళతో తొక్కి నీరు పిండి, మళ్ళీ ఎండబెడతారు. నల్లటి గులకరాళ్ళలా ఉంటాయి, ఏళ్ళు నిలవుంటాయి. మన ఒరుగుల్లాంటివే. రెండోది సోపా దె మని, శెనక్కాయల చారు. పచ్చి గింజలు రుబ్బి కాస్తారు. ఎముకల రసం వద్దని నా అష్టోత్తరం చదివితే, అమ్మే ఆమె పక్కన వేరే గిన్నెలో చేసి పెట్టింది. వేరుశనగకు పుట్టిల్లు ఆ ప్రాంతమే, దక్షిణ బొలీవియా చుట్టుపక్కల. మా మామగారు వానకు మొహం వాచి, విత్తి, అప్పులై, మళ్ళీ విత్తిన పంట. అనంతపురాన్ని నిలబెట్టిందీ ముంచిందీ ఆ కాయే. చారులో నేను శెనక్కాయల పొడి కలుపుకున్నాను. ఆమె కూడా చిటికెడు వేసుకుని, చప్పరించి, సీసా తనవైపు లాక్కుంది. సగం ఆమెకే ఇచ్చేశాను.

చివరికి బ్యూనస్ ఎయిర్స్. నున్నటి ఊరు. రాత్రి పదింటికి భోజనం. మేం ఎనిమిదింటికి పోతే హోటలువాళ్ళు కుర్చీలు తుడుస్తుంటారు. రియో దె లా ప్లాతా ఒడ్డున మా ఆయన చాలాసేపు నిలబడ్డారు. అవతలి గట్టు కనిపించదు. రంగు మన వరద నీళ్ళ రంగు.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు ఆయన చొక్కా మీద ఏదో పచ్చటి జిగురు పడింది. వెంటనే ఒకావిడ టిష్యూలతో ప్రత్యక్షమై, "అయ్యో, పక్షి!" అని పైకి చూపిస్తూ తుడవసాగింది. మా బ్రాంచి ముందు పెన్షనర్ల చొక్కాల మీద పేడనీళ్ళు చల్లి సంచులు కొట్టేసిన బ్యాచి కళ్ళముందు మెదిలింది. నోటీసు బోర్డులో 'దృష్టి మళ్ళించే ముఠాలతో జాగ్రత్త' అని అంటించింది నేనే. "ఏమండీ, సంచి!" అని అరిచాను. అప్పటికే సంచి లేదు. పాస్‌పోర్టులు నా నడుముకున్నాయి కాబట్టి బతికాం.

పోలీస్‌స్టేషన్లో కుర్రాడు ఓపిగ్గా ఒక్కొక్కటీ రాసుకున్నాడు. శాలువా ఒకటి. మందులు. నోట్‌బుక్కు ఒకటి, విలువెంత అన్నాడు. మా ఆయన చాలాసేపు ఆలోచించి, నా వంక చూశారు. "సున్నా రాయించండి, ఇన్సూరెన్సువాళ్ళు ఎలాగూ ఇవ్వరు" అన్నాను. రాయించారు. అందుకే ఈ రాతంతా నేను గుర్తున్నంతలో రాస్తున్నాను. ఆయన రాయాల్సింది.

బయటికొచ్చేసరికి వాన మొదలైంది. మామూలు వాన కాదు, రోడ్డు అవతలి దుకాణం కనిపించనంత. ఇద్దరం వసారాలో నిలబడ్డాం. ఆయన చేయి చాపి తడిపి చూసుకుని, అలవాటుగా భుజం వైపు తడుముకున్నారు.

గొడుగు ఆ సంచిలోనే ఉంది.